సగం నమ్మిన మాట

మా నాన్న రెండు మాటలు ససేమిరా నమ్మేవాడు కాదు. లోకం ఏటికేడు వేడెక్కిపోతోందన్నది ఒకటి, గాలిమరల కరెంటును నమ్ముకుని బతకొచ్చన్నది రెండోది. మా బావకేమో ఆ రెండూ ఆరో ప్రాణం. ఇద్దరూ మా హాల్లో ఎదురెదురుగా కూర్చుంటే, టీ కప్పులు అందించి అవి పగలకుండా తిరిగి తెచ్చుకోవడమే నా పని.

మాది కోడిపిల్లల హేచరీ. ఇంటి వెనక పొడుగాటి గది, అందులో గోడకి గోడంత ఉన్న పొదిగే మిషన్. కోళ్ళ ఫారాల వాళ్ళు గుడ్లు తెచ్చి ఇస్తారు, మూడు వారాల తర్వాత వచ్చి పిల్లల్ని పట్టుకెళతారు. ఆ మధ్యలో మిషన్ లోపలి వేడి నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలకడగా ఉండాలి. లోపలి ఫ్యాన్లు తిరుగుతూనే ఉండాలి. అవి ఆగితే ఏమవుతుందన్నది మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. నేను అసలే పిరికిదాన్ని. స్నానం చేస్తున్నా, అన్నం తింటున్నా, నా చెవి ఒకటి వెనక గదిలోనే ఉండేది. "నీకంటే ముందు నీ చెవులు ముసలివైపోతాయే" అని అమ్మ వేళాకోళం చేసేది.

బావ గాలిమరల మెకానిక్. ఊరవతల గుట్ట మీద వరసగా నిలబెట్టిన గాలిమరల్లోకి నడుముకి తాళ్ళు బిగించుకుని ఎక్కి, పైనున్న యంత్రాలు విప్పి బాగుచేసి దిగేవాడు. అక్కా బావా ఉండేది మాకు రెండు వీధుల అవతల. ఆ ఏడు ఎండలు ముదరకముందే, మాకు కరెంటిచ్చే బొగ్గు ప్లాంటు మూసేశారు. ఇక ఊరందరి దీపాలూ, మా గుడ్లూ గుట్ట మీది గాలికే.

"వాతావరణం మారిపోతోందట! మారకుండా కూర్చుంటే దాన్ని వాతావరణం అనెందుకంటారు, గోడ అంటారు గానీ" అనేవాడు నాన్న. "నా చిన్నప్పుడు రోడ్డు మీద తారు కరిగి చెప్పులు అందులోనే ఉండిపోయేవి. ఒంటికాలి మీద గెంతుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళం. అప్పుడెవరూ మైకు పట్టుకుని ఏడవలేదు."

"ఒక రోజు ఎండ వేరు మామయ్యా, ఇన్నేళ్ళ లెక్క వేరు" అనేవాడు బావ.

"లెక్కలు నాకూ వచ్చు. గాలి ఆగితే సున్నా. అంతేగా?"

"ఇక్కడ ఆగితే ఇంకోచోట వీస్తుంది. అక్కణ్ణించి కరెంటు వస్తుంది. అన్నీ ఒకేసారి ఎందుకాగుతాయి?"

"ఇంకోచోట సంగతి నాకెందుకు అల్లుడూ, నా గుడ్లు ఇక్కడున్నాయి."

అక్క పకపకా నవ్వేది. బావ కూడా నవ్వి, ఉక్రోషం దిగమింగుకుని, ఇంకో కప్పు టీ అడిగేవాడు. అలా ఉన్నంతకాలం బాగానే ఉండేది.

బొగ్గు ప్లాంటు మూసిన నెలకి గాలిమరల కంపెనీ వాళ్ళు టౌన్ హాల్లో సభ పెట్టారు. ఇంకా కొన్ని మరలు నిలబెడతారట, జనం ఒప్పుకోవాలట. వేదిక మీద పెద్ద తెర. దాని మీద పచ్చటి గడ్డి, తెల్లటి మరలు, నవ్వుతున్న పిల్లలు. కంపెనీ ఆఫీసరు పక్కన బావ ఇస్త్రీ చేసిన యూనిఫాంలో కుర్చీ అంచున కూర్చున్నాడు. స్థానికులకి ఉద్యోగాలిచ్చామని చూపించడానికి కూర్చోబెట్టారు. అక్క మూడో వరసలో కూర్చుని, ఆ ఇస్త్రీ తనదే అన్నంత గర్వంగా చూస్తోంది.

ఆఫీసరు మాటలయ్యాక ప్రశ్నలడగమన్నారు. నాన్న లేచాడు.

"గాలి రాని రోజు ఏం చేస్తారు?"

ఆఫీసరు నవ్వాడు. తెర మీద ఇంకో బొమ్మ వేశాడు. రంగురంగుల గీతలు పైకి పోతున్నాయి, కిందికి వస్తున్నాయి. చాలాసేపు చెప్పాడు. నాన్న నిలబడే విన్నాడు.

"ఇదంతా సరే. గాలి రాని రోజు ఏం చేస్తారు?"

హాల్లో అక్కడక్కడా నవ్వులు. ఆ నవ్వులు చూసి నాన్నకి ఊపొచ్చింది. ఆయనకి అదొక్కటే బలహీనత, నలుగురు నవ్వితే ఐదో మాట అనేస్తాడు.

"ఆ కూర్చున్నాయన మా అల్లుడేనండీ. ఆయన్నే అడగండి. గాలి రాని రోజు మా గుడ్ల కోసం గుట్టెక్కి ఊదుతాడేమో!"

హాలంతా గొల్లుమంది. ఆఫీసరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు. అక్క లేచి, ఎవరి కాళ్ళు తొక్కుతోందో చూసుకోకుండా వరస దాటి బయటికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి అక్క మా గడప తొక్కలేదు. బావ సంగతి చెప్పక్కర్లేదు. నాన్నేమో తప్పేముంది, అడగాల్సింది అడిగానని మీసం మెలేస్తూ తిరిగాడు. అమ్మ ఆయనతో పోట్లాడలేదు. ఆయన టీలో చక్కెర వెయ్యడం మాత్రం మర్చిపోయేది. రోజూ మర్చిపోయేది.

సభ అయిన కొద్ది రోజులకి గాలి పడిపోయింది.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఎండాకాలంలో ఉక్క మామూలే కదా అనుకున్నాం. తర్వాత పొద్దున్నే మేడ మీదికి బట్టలు ఆరేయడానికి వెళ్ళిన వాళ్ళందరూ గుట్టవైపు చూడడం అలవాటు చేసుకున్నారు. మరల రెక్కలు ఎక్కడివక్కడే ఆగి ఉండేవి. ఎప్పుడైనా ఒకటి బద్ధకంగా అర చుట్టు తిరిగి, ఎందుకొచ్చిన గొడవ అన్నట్టు మళ్ళీ ఆగిపోయేది. ఆరేసిన చీర కొంగు కూడా కదిలేది కాదు. కరెంటు కాసేపు పోవడం, రావడం మొదలైంది. పోయిన ప్రతిసారీ నాన్న వెనక రేకుల షెడ్డులోకి పరిగెత్తి జనరేటర్ తిప్పేవాడు. అది దగ్గి, తుమ్మి, చివరికి అందుకునేది. నాన్న చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఇరుగుపొరుగుకి వినపడేలా అనేవాడు, "ఇదీ కరెంటంటే!"

ఆయన అంత హుషారుగా ఉంటే నాకు ఇంకా భయం వేసేది. ఎందుకంటే ఆ విడత గుడ్లు టోపీ మామయ్యవి. ఆయనకి చుట్టుపక్కల అందరికంటే పెద్ద ఫారం. ఇంట్లో అన్నం తింటున్నా టోపీ తియ్యడు కాబట్టి ఆ పేరు. కిందటి విడతలో పిల్లలు పలచగా వచ్చాయి, వచ్చినవి కూడా నీరసంగా ఉన్నాయి. ఈసారి గుడ్లు దించుతూ ఆయన మొహమాటంగా టోపీ సర్దుకున్నాడు.

"పట్నంలో పెద్ద హేచరీ వాళ్ళు వెంటపడుతున్నారయ్యా. మన స్నేహం కొద్దీ ఈ విడత నీకే ఇస్తున్నా. ఇదీ పోయిందనుకో, ఇక నన్నేమీ అనకు."

"పోదు" అన్నాడు నాన్న.

టోపీ మామయ్య గుడ్లు రాకపోతే మా మిషన్‌లో మూడు వంతులు ఖాళీ. ఖాళీ మిషన్ తిప్పి బతికిన హేచరీ ఎక్కడా లేదు. నాన్నకి ఆ పని తప్ప ఇంకోటి రాదు, నాకూ రాదు. ఆ మూడు వారాలూ నేను మిషన్ అద్దంలోంచి గుడ్లను చూసినన్నిసార్లు నా మొహం అద్దంలో చూసుకోలేదు.

ఒకరోజు మందుల షాపు దగ్గర అక్క ఎదురైంది. చిక్కిపోయింది. చెమటకాయలతో మెడంతా ఎర్రగా ఉంది.

"గుడ్లెలా ఉన్నాయే?" అంది. నాన్నెలా ఉన్నాడని అడగడానికి దానికి నోరు రాలేదు.

"బానే ఉన్నాయి. నువ్వు రావొచ్చుగా ఒకసారి?"

"వస్తే ఎవరి కూతురిగా రావాలి? నలుగురిలో మా ఆయన్ని బొమ్మని చేసిన మనిషి కూతురిగానా?" అంది. వెంటనే గొంతు తగ్గించింది. "ఆయన సరిగ్గా తిండి కూడా తినడం లేదు చిన్నీ. అడిగినవాళ్ళందరికీ రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది గాలి అని చెప్పీ చెప్పీ, ఇప్పుడు జనం కనబడితే సందు మారుతున్నారు. మీ బావకి ఓడిపోవడం రాదు. నాన్నకి గెలిచి ఊరుకోవడం రాదు. నాన్న నాకు సారీ చెప్పక్కర్లేదే, ఒక్కసారి గుమ్మం దాకా వచ్చి పెద్దదానా అంటే చాలు."

ఆ మాట నేను నాన్నకి చెప్పాను. "నేనేం తప్పన్నానని?" అని ఆయన థర్మామీటరు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ థర్మామీటరు గురించి చెప్పాలి. మిషన్‌కి దాని మీటర్లు దానికున్నాయి. అయినా నాన్న వాటిని నమ్మడు. పాతకాలపు గాజు థర్మామీటరొకటి లోపల కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. అది చూస్తేనే ఆయనకి తృప్తి. దాన్నెప్పుడూ మిషన్ బయటికి తెచ్చింది లేదు. బయట ఎండెంతుందని ఎవరైనా అడిగితే, "బయటి వేడితో నాకేం పని, నేను పొదిగేది లోపల" అనేవాడు.

గుడ్లు చివరికొచ్చాయి. లోపలి పిల్లలు పెంకు మీద ముక్కులతో కొట్టడం మొదలుపెట్టే సమయం. మిషన్‌కి చెవి ఆనిస్తే సన్నగా కిచకిచలు. అలాంటి ఒక పొద్దున, వెనక తలుపు దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే బావ. యూనిఫాం నలిగి ఉంది, గడ్డం మాసి ఉంది.

నాన్న మిషన్ దగ్గర్నించి తల తిప్పి చూశాడు. నేను కుర్చీ లాగాను. బావ కూర్చోలేదు.

"మామయ్యా, రేపు మధ్యాహ్నం నుంచి మన వైపు లైను ఆపేస్తున్నారు. ఆస్పత్రికీ నీళ్ళ పంపులకీ మాత్రమే ఇస్తారు. మళ్ళీ ఎప్పుడిస్తారో తెలీదు." నలిగిన చొక్కా అంచు లాక్కున్నాడు. "ఎక్కడా మర తిరగడం లేదు. ఇంకోచోట కూడా. ఈ సంగతి బయటికి చెప్పొద్దన్నారు మమ్మల్ని. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను."

ఆ మాట అనడానికి బావకి ఎంత కష్టమైందో ఆయన చేతులు చూస్తే తెలిసింది. తలమీద ఏమీ లేకపోయినా, టోపీ మామయ్య టోపీ సర్దుకున్నట్టు తల సర్దుకుంటూనే ఉన్నాడు. నాన్న మొహం తిప్పుకుని కుళాయి దగ్గరికెళ్ళి చేతులు కడిగాడు. కడిగిన చేతులే మళ్ళీ కడిగాడు. ఆయన నవ్వు దాచుకుంటున్నాడని నాకు వెనకనుంచే తెలిసిపోయింది.

"చెప్పావు, మంచిదే" అన్నాడు తిరిగొచ్చి. "నాకు జనరేటర్ ఉంది. డీజిల్ నింపి పెట్టుకున్నాను. మీ గాలిని నేనెప్పుడూ నమ్ముకోలేదుగా."

"అదే, ఇంకో మాట." బావ ఒక అడుగు ముందుకేశాడు. "రేపటి ఎండ ఇప్పటిదాకా చూసినట్టు ఉండదంటున్నారు. మీ మిషన్ లోపలికంటే బయట వేడెక్కువ ఉంటుంది. ఆ జనరేటర్ని రేకుల కింద పెట్టకండి, ఇవాళే బయటికి లాగిద్దాం. నలుగురం పడితే కదులుతుంది."

నాన్న మొహం మళ్ళీ మామూలైపోయింది. "ఇదుగో, ఇక్కడికొచ్చావన్నమాట. అది మీ కంపెనీ పాట. ఎండాకాలంలో ఎండ కాస్తుంది, అంతే. ఇన్నేళ్ళుగా అది రేకుల కిందే ఉంది, దానికి జలుబు కూడా చెయ్యలేదు."

"మొదటి మాట నమ్మారు కదా మామయ్యా? రెండోది కూడా అదే నోటితో చెప్తున్నాను."

"మొదటిది నాకు ముందే తెలుసు" అన్నాడు నాన్న.

బావ నావైపు చూశాడు. ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. వెళ్ళాక నాన్న ఆ రోజంతా కూనిరాగాలు తీస్తూ తిరిగాడు. అల్లుడు తన నోటితోనే ఒప్పుకున్నాడు, ఇంకేం కావాలి? అమ్మ కూడా ఆ పూట టీలో చక్కెర వేసింది, అల్లుడు ఇంటికొచ్చాడన్న సంతోషంతో.

మర్నాడు పొద్దున్నుంచే గోడలు ముట్టుకోలేనట్టున్నాయి. వీధిలో కుక్కలు కూడా లేవు, అన్నీ కాలవ గట్టు కింద దూరాయి. మధ్యాహ్నానికి బావ చెప్పినట్టే కరెంటు పోయింది. నాన్న ఆరాటపడలేదు. దర్జాగా నడుచుకుంటూ వెళ్ళి జనరేటర్ తిప్పాడు. అది అందుకుంది. మిషన్ ఫ్యాన్లు మళ్ళీ తిరిగాయి. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "మీరే నయమండీ, మీకు కరెంటుంది" అంటే నాన్న ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అమ్మా నేనూ అన్నాలకి కూర్చున్నాం. నేను ముద్ద కలిపానో లేదో, జనరేటర్ శబ్దం మారింది. గొంతులో ఏదో అడ్డం పడ్డ మనిషిలా గురగురమంది. తర్వాత కాలిన రబ్బరు వాసన. తర్వాత ఏమీ లేదు.

నాన్న షెడ్డులోకి పరిగెత్తాడు, నేను వెనకే. రేకుల కింద అడుగుపెడితే పొయ్యిలో తల పెట్టినట్టుంది. జనరేటర్ మూత దగ్గర నీళ్ళు సలసలా మరిగి పైకి చిమ్ముతున్నాయి. నాన్న గుడ్డతో పట్టుకోబోయి చెయ్యి కాల్చుకున్నాడు. మళ్ళీ తిప్పాడు, ఇంకోసారి తిప్పాడు. అది మూలిగింది కూడా లేదు.

"మిషన్ తలుపులు బిగించు! గోనెపట్టాలు తే!" అని అరిచాడు.

అది ఆయన ఒంట్లో జీర్ణించుకుపోయిన అలవాటు. కరెంటు పోతే వేడి బయటికి పోనివ్వకూడదు. ఇన్నేళ్ళూ అదే చేశాం, అలాగే గుడ్లను కాపాడుకున్నాం. నేను పరిగెత్తి గోనెపట్టాలు తెచ్చాను. ఆయన వాటిని మిషన్ కిటికీల మీద, సందుల మీద కప్పేశాడు. తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

చివరి రోజుల్లో గుడ్డు లోపలి పిల్ల తన వేడి తనే పుట్టించుకుంటుంది. అన్ని వేల గుడ్లు, కదలని గాలిలో, మూసిన పెట్టెలో. నాకది తెలుసు, నాకు నేర్పిందే ఆయన. కానీ కంగారులో మనిషికి తెలిసింది గుర్తుండదు, అలవాటైందే గుర్తొస్తుంది. లోపలినుంచి కిచకిచలు పెద్దవయ్యాయి. మామూలు కిచకిచలు కావవి, అరుపులు.

"నాన్నా, తలుపు తీద్దాం. లోపల ఉడికిపోతున్నాయి."

"తీస్తే వేడి పోతుందే! పిచ్చిదానా!"

"పోతే మంచిదే కదా!"

"చల్లగాలి తగిలితే చస్తాయి. నీకు తెలీదు, ఊరుకో."

చల్లగాలి! నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆయన్ని పక్కకి నెట్టి తలుపు సందులోంచి చెయ్యి పెట్టి కొక్కేనికున్న గాజు థర్మామీటరు లాక్కున్నాను. నూట మూడు దాటి ఉంది. వరండాలోకి పరిగెత్తి, నీడలో, స్తంభానికున్న మేకుకి తగిలించాను. ఆయన కేకలేస్తూ నా వెనకే వచ్చాడు, అది పగిలిపోతుందని.

ఇద్దరం దాని ముందు నిలబడ్డాం. పాదరసం దిగలేదు. ఎక్కింది. నూట ఐదు. నూట ఎనిమిది. మెల్లగా, ఎవరినీ పట్టించుకోకుండా నూట పది దాటి ఇంకా పైకి పోతోంది.

నాన్న వెంట్రుకవాసి దూరంలో కళ్ళు పెట్టి చూశాడు. దాన్ని తీసి, చొక్కా కొసతో తుడిచి, మళ్ళీ తగిలించి చూశాడు. తర్వాత లోపలికెళ్ళి గోనెపట్టాలు ఒక్కొక్కటే లాగి కింద పడేశాడు.

"ఇల్లు" అన్నాడు. "ఇంటి గోడలు మందం. కిటికీలకి తడి దుప్పట్లు కట్టమను మీ అమ్మని. ట్రేలన్నీ ఇంట్లోకి మార్చాలి. ఇద్దరం చాలం."

నేను అమ్మకి అరిచి చెప్పి వీధిలోకి పరిగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. రెండు వీధులు ఎలా దాటానో తెలీదు. అక్క తలుపు తీసి నా మొహం చూసి కొంగు బిగించింది. వెనక బావ అప్పటికే లేచి నిలబడ్డాడు. గుట్ట మీద ఆయనకి పని లేదు, ఆగిన మరకి మెకానిక్ ఎందుకు?

మేం వచ్చేసరికి నాన్న ఒంటిమీద చొక్కా లేదు, ఒళ్ళంతా చెమట. పెద్ద ట్రే ఎత్తుకుని గుమ్మంలో ఉన్నాడు. అక్క ఎదురెళ్ళి ఇంకో కొస పట్టుకుంది. బావ లోపలికెళ్ళి మరో ట్రే లాగాడు. ఆత్రంలో అది ఒక పక్కకి ఒరిగింది.

"వంచకు" అన్నాడు నాన్న. "మట్టంగా పట్టుకో."

"సరే మామయ్యా" అన్నాడు బావ.

సభ తర్వాత వాళ్ళిద్దరూ మామూలుగా మాట్లాడుకున్న మొదటి మాట అదే.

మంచాల మీద పరుపులు లాగేసి ట్రేలు పరిచాం. హాల్లో, వంటింట్లో, అమ్మా నాన్నల గదిలో, ఎక్కడ అడుగుపెడదామన్నా గుడ్లే. అమ్మ పెళ్ళినాటి పట్టుచీరలు తప్ప ఇంట్లో ఉన్న గుడ్డముక్కలన్నీ తడిపి కిటికీలకి వేలాడదీసింది. కాసేపటికి అవి కూడా తీసుకురానా అని అడిగింది. నాన్న ట్రేల మధ్య మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్క గుడ్డూ చెంపకి ఆనించి చూశాడు. మిషన్‌లో పై వరసల్లో ఉన్నవి అప్పటికే అరవడం మానేశాయి. వాటిని ఆయన వేరే పెట్టాడు. వాటివైపు వెళ్ళినప్పుడల్లా అక్క ఆయనకి అడ్డంగా నిలబడి, "ఇటు చూడు నాన్నా, ఇవి బాగున్నాయి" అనేది.

సాయంత్రానికి పెంకులు పగలడం మొదలైంది. మర్నాడు పొద్దున్నకి మా ఇంట్లో మంచాల మీద, బల్లల మీద, అల్మరా కింద, ఎక్కడ చూసినా తడితడిగా, పసుపుపచ్చగా పిల్లలు. ఒకటి నాన్న చెప్పులో నిద్రపోతోంది. కరెంటు ఇంకా రాలేదు. ఎవరి కళ్ళల్లోనూ నిద్ర లేదు. అయినా అందరం తిక్కవాళ్ళలా నవ్వుకున్నాం.

టోపీ మామయ్య వచ్చి మా హాలు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. టోపీ తీసేశాడు. ఆయనకి బట్టతల అని మాకు ఆ రోజే తెలిసింది. కిందటి విడతకంటే ఎక్కువే వచ్చాయి పిల్లలు, చలాకీగా ఉన్నాయి. పోయిన వాటి సంగతి ఆయన ఎత్తలేదు.

"ఇంకెక్కడికీ పోనయ్యా నేను" అన్నాడు నాన్నతో. "ఇంత చేసినవాడివి దొరుకుతావా?"

నాన్న కాలిన చెయ్యి వెనక్కి పెట్టుకుని తల ఊపాడంతే. నాకు మాత్రం గుండెల మీంచి బండ దించినట్టయింది. హేచరీ నిలబడింది. అక్క మా వంటింట్లో ఉంది. ఇంకేం కావాలి?

ఆ వారం చివర్లో కాస్త గాలి వచ్చింది, కరెంటూ వచ్చింది. జనరేటర్ని బాగుచేయించి చెట్టు కిందికి లాగారు నాన్నా బావా కలిసి. టోపీ మామయ్య కొత్త గుడ్లతో వ్యాన్ పంపించాడు. నేను మిషన్ కడిగి, తుడిచి, వేడి ఎక్కించి సిద్ధంగా ఉంచాను. డ్రైవరు వెనక తలుపు తీశాడు. ట్రేలు నిండుగా, తెల్లగా కనిపించాయి.

నాన్న వ్యాన్ దగ్గర నిలబడి గుట్టవైపు చూశాడు. మరలు తిరుగుతున్నాయి, కొన్ని. బావ ఆయన పక్కనే ఉన్నాడు, డ్యూటీకి వెళుతూ ఆగాడు.

"ఈ మూడు వారాలూ గాలి నిలుస్తుందంటావా?" అన్నాడు నాన్న. వెటకారం లేదు. డాక్టర్ని అడిగినట్టు అడిగాడు.

బావ ఇదివరకైతే ఠక్కున జవాబు చెప్పేవాడు. ఇప్పుడు గుట్ట మీద తిరుగుతున్న మరల్ని లెక్కపెట్టాడు.

"తెలీదు మామయ్యా. మీరు చెప్పండి, మళ్ళీ అలాంటి ఎండ వస్తుందా?"

నాన్న నోరు తెరిచాడు. తారు రోడ్డు కథ వస్తుందనుకున్నాను. వస్తే బాగుండు అనుకున్నాను. ఆ కథ ఎన్నిసార్లు విని విసుక్కున్నానో, అప్పుడు అంత ఆశగా ఎదురుచూశాను.

"నాకూ తెలీదు" అన్నాడు.

తర్వాత డ్రైవరు వైపు తిరిగి, "తీసుకెళ్ళిపో బాబూ. మీ అయ్యగారితో నేను మాట్లాడతాను. ఈ ఎండలు పోయేదాకా నేను పెట్టలేను" అన్నాడు. తనే వ్యాన్ తలుపు మూసి గడియ పెట్టాడు. లోపలికెళ్ళి, నేను వేడెక్కించి ఉంచిన మిషన్ స్విచ్ తన చేత్తో ఆపాడు. ఇన్నేళ్ళలో కరెంటు పోయి మిషన్ ఆగింది గానీ, గుడ్లు గుమ్మంలో ఉండగా ఆయనంతట ఆయన ఎప్పుడూ ఆపలేదు. అప్పట్నించి ఏ వేసవిలోనూ మా హేచరీ నడవలేదు.

అక్క ఆ రోజు మాతోనే భోంచేసింది. మామా అల్లుళ్ళు ఒకరికొకరు వడ్డించుకుంటుంటే అమ్మ కళ్ళు ఒత్తుకుంది, చూశావా ఎంత బాగున్నారో అని నన్ను మోచేత్తో పొడిచింది. చూశాను. నేను ముద్ద కలుపుతూనే ఉన్నాను. వాళ్ళు పోట్లాడుకున్నంతకాలం, ఇద్దరిలో ఎవరో ఒకరికి తెలుసులే అనుకుని నేను కాస్తయినా నిద్రపోయేదాన్ని.